చనిపోయిన నాయన గొంతుతో అమ్మకు మాత్ర వేయించవచ్చా?

పెన్నేటి_గట్టు (కడప)

అమ్మకు 74. ఆల్జీమర్స్, ఇప్పుడిప్పుడే మధ్య దశలోకి వచ్చింది. పొద్దున బీపీకి అటెనొలాల్, టిఫిను ముందు షుగరుకు గ్లిమెపిరైడ్, రాత్రి పడుకునే ముందు మతిమరుపుకు డోనెపెజిల్ 10 మిల్లీగ్రాములు. పగలు చూసుకునే మనిషి ఉంటుంది కాబట్టి మొదటి రెండింటికీ ఇబ్బంది లేదు. రాత్రి మాత్ర దగ్గరే తకరారు. మూతి బిగిస్తుంది, మమ్మల్ని గుర్తుపట్టని రోజుల్లో చెయ్యి విదిలిస్తుంది. "మీ నాయన రానీ, అప్పుడు ఏసుకుంటా" అంటుంది. నాయన పోయి ఆరేళ్లు.

బెంగళూరులో ఉండే తమ్ముడు నాయన గొంతు నేర్పిన పెట్టె ఒకటి చేస్తానంటున్నాడు. రాత్రి తొమ్మిదికి నాయన మాదిరే "మాత్ర ఏసుకున్యావా మే" అని అడుగుతుందంట. అమ్మ ఏమన్నా అడిగినా నాయన మాదిరే జవాబు చెప్తుందంట. అక్క ససేమిరా అంటోంది.

చేతిలో ఉన్న సరుకు: వాట్సాప్ వాయిస్ మెసేజీలు సుమారు 140, ఒక్కోటి 10 నుంచి 20 సెకన్లు. కొన్ని ఫోన్ కాల్ రికార్డింగులు. 1990ల నాటి క్యాసెట్లు మూడు. ఇంతతో గొంతు వస్తుందా? వస్తే అమ్మ బుర్రకు ఏమవుతుంది? ఇది మోసం కిందికి వస్తుందా? చట్టం ఏమంటుంది? సెంటిమెంటు పక్కనబెట్టి, తెలిసినవాళ్లు చెప్పండి.

సందెపొద్దు

గొంతు సంగతి తర్వాత. ముందు ఆ రాత్రి మాత్రే లేకుండా చేసుకోవచ్చేమో చూడండి.

డోనెపెజిల్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 70 గంటలు పడుతుంది. అందుకే రోజుకు ఒక్కసారి చాలు, ఆ ఒక్కసారి ఏ పూట అనేది పెద్ద విషయం కాదు. రాత్రి ఇవ్వడం మొదలైంది వాంతి వికారం నిద్రలో తెలియకుండా పోతుందని. పీడకలలు వచ్చేవాళ్లకు, నిద్ర పట్టనివాళ్లకు డాక్టర్లే పొద్దునకు మారుస్తారు. మీ డాక్టరును అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే: "పగలు మనిషి ఉన్నప్పుడు ఇవ్వొచ్చా?" మార్చే రోజు ఎప్పుడు మానాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి అనేది ఆయన నోటే చెప్పించుకోండి. రాత్రి ఒకటి, తెల్లారి ఇంకొకటి మీ అంతట మీరు ఇవ్వద్దు.

పొద్దు గుంకే వేళకు ఈ జబ్బులో అయోమయం పెరుగుతుంది. వెలుతురు తగ్గుతుంది, అలసట, ఆకలి, నీడలు. ఆ గంటలో కొత్త మనిషి చేతిలో మాత్ర చూస్తే ఎవరైనా మూతి బిగిస్తారు. ఆమె మొండితనం కాదది.

మీరు అడగలేదు గాని మందుల జాబితా చూసి ఊరుకోలేక రాస్తున్నా. అటెనొలాల్, డోనెపెజిల్ రెండూ గుండె వేగాన్ని తగ్గించేవే. కలిస్తే నాడి మరీ నెమ్మదించి కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. నాడి ఎంత కొట్టుకుంటోందో వారానికి రెండు మూడుసార్లు రాసిపెట్టి డాక్టరుకు చూపించండి. రెండోది, గ్లిమెపిరైడ్ పొరపాటున రెండుసార్లు పడితే షుగరు బాగా పడిపోతుంది. అలా పడిపోయినప్పుడు వచ్చే వణుకు, గుండెదడ అటెనొలాల్ వాడేవాళ్లలో బయటికి కనబడవు, చెమట ఒక్కటే మిగులుతుంది. తమ్ముడి పెట్టె "మాత్ర ఏసుకో" అని మాత్రమే చెప్పగలదు, వేసుకుందో లేదో చూడలేదు. వేసుకుని మరిచిపోయిన మనిషికి మళ్లీ చెప్తే మళ్లీ వేసుకుంటుంది, పైగా చెప్పింది మొగుడి గొంతు. ఏ గొంతుతో గుర్తుచేసినా సరే, మాత్రల డబ్బాకు తాళం వేసి, ఆ పూటది ఒక్కటే బయట పెట్టండి.

అన్నంలో కలిపి పెట్టడం, పొడి చేయడం మాత్రం డాక్టరును అడగకుండా చేయొద్దు. నాలుక మీద కరిగే రకం డోనెపెజిల్ కూడా ఉంది, మింగడమే కష్టమైతే దాన్ని అడగండి.

గరగర_స్పీకరు (అనంతపురం)

తమ్ముడు ఒక పెట్టె అంటున్నాడు గాని అందులో రెండు యంత్రాలుంటాయి. ఒకటి గొంతు, ఇంకొకటి మాట. గొంతు తేలిక. మాటే కొంప ముంచేది.

గొంతు సంగతి. గొంతును నకలు చేసే ఇప్పటి కంప్యూటరు నమూనాలకు 10 సెకన్ల శుభ్రమైన ముక్క, అందులో ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా రాసిన పాఠం ఇస్తే, దగ్గరదగ్గరగా అదే గొంతు వస్తుంది. చాలామంది మొదట పట్టుకునే ఎక్స్‌టీటీఎస్ రెండో వెర్షనులో 17 భాషలున్నాయి, హిందీ ఉంది, తెలుగు లేదు. తెలుగుకు ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ వాళ్ల ఇండిక్ఎఫ్5 పనికొస్తుంది, 11 భారతీయ భాషలు. అనుమతి ఉన్న గొంతునే నకలు చేయాలని దాని షరతు. మీ నాయన అనుమతి ఎవరిస్తారు? ఆ ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

సరుకు లెక్క చూద్దాం. 140 మెసేజీలు, సగటున 15 సెకన్లు, అంటే 35 నిమిషాలు. మధ్యలో ఖాళీలు, బస్టాండు రొద, పక్కనవాళ్ల మాటలు తీసేస్తే 20 నిమిషాలు మిగిలినా గొప్పే. వాట్సాప్ వాయిస్ సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ మోనో, కుదించిన శబ్దం, అయినా పనికొస్తుంది. కాల్ రికార్డింగులు వద్దు. మామూలు ఫోను లైనులో 3,400 హెర్ట్జ్ పైన ఏమీ ఉండదు, అందుకే స, ష, చ మూడూ ఒకే మాదిరి మొద్దుగా వినిపిస్తాయి. వాటితో నేర్పితే నమూనా కూడా ముక్కుదిబ్బడ మనిషిలా మాట్లాడుతుంది. క్యాసెట్లలో శబ్దం నిండుగా ఉంటుంది, కానీ అది ముప్పై ఏళ్ల కిందటి గొంతు. ముసలి గొంతు, పడుచు గొంతు కలిపి నేర్పితే నడిమధ్య గొంతు ఒకటి వస్తుంది, మీ అమ్మ ఎన్నడూ వినని గొంతు.

ఇంక యాస. ఈ నమూనాలు ఎక్కువగా చదివి వినిపించిన తెలుగు మీద పెరిగినవి. "వేసుకున్నావా" అని రాస్తే అట్లే చదువుతుంది. "ఏసుకున్యావా మే" అని పలికినట్టే రాసినా "మే" దగ్గర సాగదీత రాదు, వార్తలు చదివేవాడు ఇంట్లోకి వచ్చి పిలిచినట్టుంటుంది. యాభై ఏళ్లు కాపురం చేసిన మనిషి పట్టేది ఆ సాగదీతనే. అంకెలు కూడా అక్షరాల్లో రాయాలి, 10 అని ఇస్తే ఏ భాషలో చదువుతుందో దానికే తెలియదు.

ఇప్పుడు మాట. నిమిషానికి 120 మాటలనుకున్నా ఆ మెసేజీల్లో ఆయన మాటలు మొత్తం 4,200 మించవు. వాటిలో సగం "బస్సెక్కినా, కోడూరు దాటినాం" లాంటివే ఉంటాయి. అమ్మ అడిగే ప్రశ్నకు వాటిలో జవాబు దొరకదు. దొరకనప్పుడు మాట యంత్రం, అంటే భాషా నమూనా, ఊరుకోదు, ఊరందరి మాటల్లోంచి ఒకటి అల్లుతుంది. "ఎప్పుడొస్తావ్?" అంటే "రేపొస్తా" అంటుంది. రేపు పొద్దున ఆమె చెప్పులేసుకుని బస్టాండుకు పోతే ఎవరిది బాధ్యత? ఇల్లు వదిలి తిరగడం ఈ జబ్బులో ఉన్నదే, దానికి కారణం కూడా మనమే సప్లై చేసినట్టు.

చిన్న చిన్న తంటాలు ఇంకా ఉన్నాయి. పళ్లు లేని నోటి మాట యంత్రానికి అర్థం కాదు, తప్పు ప్రశ్నకు జవాబిస్తుంది. స్పీకరు మాట మైకులోకే పోయి తనకు తానే జవాబు చెప్పుకుంటుంది. టీవీ సీరియల్లో ఎవరో "ఏమండీ" అంటే ఇది పలుకుతుంది. జవాబుకు మూడు నాలుగు సెకన్లు పడుతుంది, అంతసేపు మౌనంగా ఉంటే అలిగినాడేమో అనుకుంటుంది ఆమె. కరెంటు పోతే మాట మధ్యలో తెగుతుంది.

చేయాలనుంటే మాట యంత్రం తీసేయండి, గొంతు యంత్రం కూడా తీసేయండి. ఉన్న రికార్డింగుల్లోంచే ఆయన నిజంగా అన్న మాట ఒకటి వెతికి అది మాత్రమే వినిపించండి. దానికి కార్డులోని శబ్దాన్ని వినిపించే డీఎఫ్‌ప్లేయర్ మినీ అనే చిన్న మాడ్యూలు, 8 ఓముల 3 వాట్ల స్పీకరు, మైక్రోఎస్‌డీ కార్డు, పెద్ద బటను ఒకటి చాలు. కార్డు 32 జీబీ లోపు, ఫ్యాట్32 ఫార్మాటు, ఫోల్డరు పేరు ఎంపీ3, ఫైలు పేరు 0001తో మొదలవ్వాలి. కంట్రోలరుతో నడిపితే సీరియల్ తీగలో ఒక కిలో-ఓమ్ రెసిస్టరు పెట్టండి, లేకుంటే నా పేరే వినిపిస్తుంది. నెట్ అక్కర్లేదు, ఎవరి సర్వరుకూ నాయన గొంతు పోదు.

పెన్నేటి_గట్టు (కడప)

సందెపొద్దు గారూ, పూట మార్చొచ్చని ఎవరూ చెప్పలేదు మాకు. అడుగుతాం. గరగర అన్నా, మీరు చెప్పిన తేడా నాకు పూర్తిగా ఎక్కలేదు. రికార్డింగు వినిపించినా నాయన లేడు, పెట్టె మాట్లాడినా లేడు. రెండూ యంత్రాలే కదా. ఒకటి ఎందుకు సరే, ఇంకొకటి ఎందుకు కాదు?

ఉద్బోధకం (కర్నూలు)

మంచి చోట పట్టుకున్నారు. దీనికి మన తార్కికుల దగ్గర సూటి జవాబుంది. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో స్మృతికి ఇచ్చిన నిర్వచనం సంస్కృతంలో మూడు మాటలు: సంస్కారం ఒక్కదాని నుంచే పుట్టిన జ్ఞానం స్మృతి. మిగిలిన జ్ఞానమంతా అనుభవం. సంస్కారం అంటే పాత అనుభవం లోపల వదిలిన ముద్ర. అది దానంతటది లేవదు, లేపేది ఒకటి కావాలి. దాన్నే ఉద్బోధకం అంటారు. ఏనుగును చూస్తే మావటివాడు గుర్తొస్తాడు, అక్కడ ఏనుగు ఉద్బోధకం.

నాయన నిజంగా అన్న మాటను వినిపిస్తే అది ఉద్బోధకం. లేచేది ఆమె లోపల ఉన్న ముద్రే. పెట్టె కొత్తగా అల్లిన "రేపొస్తా" మాత్రం ఉద్బోధకం కాదు, కొత్త అనుభవం. ఆయన ఎన్నడూ అననిది ఆయన గొంతుతో విన్న అనుభవం. దానికీ ముద్ర పడుతుంది, తర్వాత అదే స్మృతిగా లేస్తుంది. అప్పుడు ఏది ఆయనన్నది, ఏది పెట్టె అన్నది అని విడదీసే దారి ఆమెకు ఉండదు. తేడా యంత్రంలో లేదు, ఆమె లోపల ఏం జరుగుతుందనేదాంట్లో ఉంది.

ప్రయోగశాలలో కూడా ఇదే తేలింది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కారు ప్రమాదాల సినిమా ముక్కలు చూపించి, కొందరిని "కార్లు తగిలినప్పుడు ఎంత వేగం" అని, ఇంకొందరిని "గుద్దుకుని నుజ్జయినప్పుడు ఎంత వేగం" అని అడిగినారు. వారం తర్వాత "పగిలిన అద్దం చూసినారా?" అంటే, నుజ్జు మాట విన్న 50 మందిలో 16 మంది చూసినామన్నారు. తగిలిన మాట విన్న 50 మందిలో 7 మంది. సినిమాలో అద్దం పగలనే లేదు. ప్రశ్నలో ఒక్క క్రియాపదం మార్చితేనే అంత. ఎలుకల మీద 2000లో కరీమ్ నాదర్ బృందం చేసిన పనిలో ఇంకో సంగతి బయటపడింది. గట్టిపడిన జ్ఞాపకాన్ని కూడా ఒకసారి లేపితే అది కాసేపు మెత్తబడుతుంది, మళ్లీ గట్టిపడాలి. గుర్తుచేయడం అంటే బీరువా తెరిచి చూడటం కాదన్నమాట, తడి మట్టిని మళ్లీ ముట్టుకోవడం.

"అమ్మకు కొత్తవి ఎట్లాగూ నిలవవు, కల్తీ భయమెందుకు" అని తమ్ముడు అనవచ్చు. సగం నిజమే. సంఘటన నిలవదు, కానీ దాని వెంట వచ్చిన భావం నిలుస్తుంది. 2010లో అయోవా విశ్వవిద్యాలయంలో బుర్రలో కొత్త జ్ఞాపకాలను నిలిపే భాగం, హిప్పోక్యాంపస్, దెబ్బతిన్న ఐదుగురికి ఏడుపు తెప్పించే సినిమా ముక్కలు చూపించినారు. కాసేపటికి ఏం చూశారో మరిచిపోయినారు, దిగులు మాత్రం పోలేదు. 2014లో ఆల్జీమర్స్ ఉన్న 17 మంది మీద అదే తేలింది, సినిమా ఎంత తక్కువ గుర్తుంటే దిగులు అంత ఎక్కువసేపు నిలిచింది. కారణం తెలియని దిగులును సముదాయించడం ఇంకా కష్టం. పెట్టె "వస్తా" అంటుంది, ఆయన రాడు, ఆమెకు ఆ మాట గుర్తుండదు, ఎదురుచూపు మిగులుతుంది.

రెండో సగం: కొత్త విషయం నిలవకపోయినా, పదే పదే విన్నదానికి పరిచయం అనే మెరుపు వస్తుంది. పరిచయమైనది నిజమనిపిస్తుంది. 2005లో స్కర్నిక్, యూన్, పార్క్, ష్వార్జ్ చేసిన పరిశీలనలో, ఒక మాట అబద్ధమని పెద్దవాళ్లకు ఎక్కువసార్లు చెప్తే మూడు రోజుల తర్వాత దాన్ని నిజంగా గుర్తుంచుకునే అవకాశం పెరిగింది. కాబట్టి పెట్టె పెట్టి, రోజూ "అది నాయన కాదమ్మా" అని సర్ది చెప్పుకోవచ్చులే అనుకుంటే పొరపాటు. "కాదు" జారిపోతుంది, "నాయన" మిగులుతుంది.

కడపవాళ్లకు ఇది కొత్త కాకూడదు. వేమన పద్యాలు బ్రౌన్ సేకరించి 1829లో అచ్చు వేసేనాటికే తాళపత్రాల్లో పాఠభేదాలు కుప్పలు. ఎవరో రాసిన ఆటవెలదికి చివర "విశ్వదాభిరామ వినురవేమ" తగిలిస్తే వేమనదైపోయింది, ఇప్పటికీ పండితులు ఏరుకుంటూనే ఉన్నారు. గొంతు కూడా మకుటమే. ఏ మాటకైనా తగిలించవచ్చు, తగిలించాక విడదీయడం కష్టం.

రాళ్లవాన

ఉద్బోధకం గారు బాగా చెప్పినారు గాని, ఒకటి ఒప్పుకోను. నిజం, కల్తీ అనే తూకం ఆరోగ్యంగా ఉన్నవాళ్ల తూకం. ఆమెకు కావలసింది ఈ రాత్రి భయం లేకుండా నిద్ర.

ఈ గొడవ తాత్త్వికుల మధ్య ముందే జరిగింది. 1993లో రొనాల్డ్ డ్వార్కిన్ ఏమన్నాడంటే, మతి బాగున్నప్పుడు మనిషి తన బతుకు ఎట్లుండాలనుకున్నాడో అదే తర్వాత కూడా చెల్లాలి. 1995లో రెబెక్కా డ్రెసర్ దానికి ఎదురు తిరిగింది. ఇప్పుడు కళ్ల ముందున్న మనిషి వేరు, ఆమె ఇప్పటి సుఖదుఃఖాలను పక్కకు నెట్టి, ఎప్పుడో రాసిన ఇష్టాన్ని ఆమె మీద రుద్దడం న్యాయమా అని. నేను డ్రెసర్ వైపు. అమ్మ నాయన గొంతు విని నవ్వితే, ఆ నవ్వు నిజమైన నవ్వే కదా?

ప్రతిసారీ "నాయన చచ్చిపోయినాడు కదమ్మా" అని నిజం చెప్పేవాళ్లను కూడా చూడండి. మతిలేని మనిషికి ప్రతి సాయంత్రం కొత్తగా వైధవ్యం తెప్పించడం అది. అదెక్కడి సత్యవ్రతం?

ఉద్బోధకం (కర్నూలు)

చివరి పేరాతో నాకు పేచీ లేదు. చావు వార్త రోజూ చెప్పకూడదు. అడిగినప్పుడు "ఆయన గుర్తొచ్చినాడా? ఆయనకు ఏం కూర ఇష్టం?" అని మాట ఆయన మీదికే మళ్లించడం మంచి పద్ధతి. అందులో అబద్ధమూ లేదు, పిడుగూ లేదు.

కానీ డ్రెసర్ వాదనే తీసుకున్నా పెట్టె నెగ్గదు. ఆమె ఇప్పటి సుఖమే కొలత అనుకుందాం. పెట్టె మాట్లాడిన ఐదు నిమిషాలు నవ్వింది సరే, తర్వాతి రెండు గంటలు వాకిలి దగ్గర కూర్చుంటే? సుఖాన్ని కొలవాలంటే నవ్వినప్పుడు ఒక్కటే కాదు, ఆగిపోయిన తర్వాత కూడా కొలవాలి. ఏం వినిపించినా సరే, వినిపించిన అరగంటకూ, రెండు గంటలకూ ఎట్లుందో వారం రోజులు రాయండి. తిరుగుతోందా, వాకిలి చూస్తోందా, అన్నం తిన్నదా, నిద్ర పట్టిందా. మూడు రోజులు వరసగా ఎదురుచూపు కనిపిస్తే ఆపేయండి.

ఇంకొకటి. జ్ఞాపకం బుర్రలోనే ఉండాలని లేదు, నోటుబుక్కులో ఉన్నా జ్ఞాపకమే అని 1998లో ఆండీ క్లార్క్, డేవిడ్ చామర్స్ వాదించినారు. వాళ్ల ఉదాహరణలో ఆల్జీమర్స్ ఉన్న ఒట్టో అనే మనిషి మ్యూజియం అడ్రసు తన పుస్తకంలో చూసుకుంటాడు. ఆ వాదానికి షరతులున్నాయి. పుస్తకం ఎప్పుడూ దగ్గరుండాలి, తేలిగ్గా అందాలి, అందులోది వెంటనే నమ్మగలగాలి, అది తాను ఒకప్పుడు ఒప్పుకుని రాసుకున్నదై ఉండాలి. ఆ చివరి షరతు చూడండి. ఒట్టో పుస్తకంలో రాత్రిపూట ఇంకొకరు రాసిపోతుంటే అది ఒట్టో జ్ఞాపకం అవుతుందా? పెట్టె అంటే అదే. అమ్మ నమ్మకం అట్లే ఉంది, రాసే చెయ్యి మారింది.

రాళ్లవాన

వారం రోజులు రాయమన్నది ఒప్పుకుంటా. రాసినాక నవ్వే గెలిస్తే మీరూ ఒప్పుకోవాల.

చిన్నకోర్టు

చట్టం భాగం, క్లుప్తంగా.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో మూడో సెక్షను ప్రకారం, ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరానికి చేసుకునే పనికి ఆ చట్టం వర్తించదు. తమ్ముడు తన కంప్యూటరులో చేసుకుంటే ఆ గడప దాటడు. ఏదన్నా కంపెనీ వెబ్‌సైటులో గొంతు ఎక్కిస్తే కంపెనీకి వర్తిస్తుంది. అదే చట్టం 14వ సెక్షను, తాను పోయాక గానీ, చేతగాని స్థితిలో పడ్డాక గానీ తన డేటా హక్కులు నడిపేందుకు ఒకరిని నామినేట్ చేసుకోవచ్చంటుంది. మీ నాయన 2023కు ముందే పోయినారు కాబట్టి ఆ దారి లేదు.

పోయినవాళ్ల గొంతు మీద హక్కు ఎవరిది అనేది మన దగ్గర తేలని లెక్క. గోప్యత, కీర్తి వారసులకు ఆస్తి మాదిరి సంక్రమించవని మద్రాసు హైకోర్టు 2021లో జయలలిత మీద తీసిన సినిమా కేసులో అన్నది. ఢిల్లీ హైకోర్టు 2023లో ఇంకో నటుడి కేసులో అదే దారి పట్టింది. అయినా ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమ మేధతో వాడుకున్నారని ఆయన కుటుంబం ఒక తెలుగు సినిమావాళ్లకు 2024లో లీగల్ నోటీసు పంపింది. అదే ఏడాది ఏఆర్ రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులను వాళ్ల కుటుంబాలను అడిగి, డబ్బిచ్చి వాడుకున్నాడు. చట్టం పలకని చోట మర్యాద ఏం చేయాలో ఆ రెండో ఉదాహరణలో ఉంది. మీ ఇంట్లో అక్క ఒప్పుకోవడం లేదన్నారు. కోర్టులో ఆమెకు బలం ఉందో లేదో గాని, ఆమెకూ ఆయన నాయనే.

అమ్మ వైపు నుంచి ఒకటి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో మానసిక అనారోగ్యం నిర్వచనంలో జ్ఞాపకశక్తి దెబ్బతినడం కూడా ఉంది. తనకు ఎట్లాంటి వైద్యం కావాలో, వద్దో ముందుగా రాసిపెట్టుకునే హక్కు 5వ సెక్షనులో ఉంది, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని పెట్టుకోవడం 14వ సెక్షనులో. మధ్య దశలో కూడా తేటగా ఉండే పొద్దుటి పూటలుంటాయి. ఆ పూట నాయన రికార్డింగు ఒకటి వినిపించి "ఇది రోజూ వినాలనుందా అమ్మా?" అని అడగండి. కాగితం మీద సంతకమే అక్కర్లేదు, తల ఊపిందో తిప్పుకుందో చూడండి చాలు.

తయారైన గొంతు నమూనా ఎవరి చేతిలో పడ్డా దాంతో బంధువులకు ఫోను చేసి డబ్బడగవచ్చు. మోసం జరిగితే ఫోను చేయాల్సిన సైబర్ మోసాల నంబరు 1930. అసలు నమూనా చేయకపోతే ఆ దిగులే లేదు.

పెన్నేటి_గట్టు (కడప)

అక్క, తమ్ముడు ఇద్దరూ చదివినారు. డాక్టరు మాత్ర పొద్దునకు మార్చినారు, అటెనొలాల్ బదులు వేరే బీపీ మాత్ర రాసినారు. మాట్లాడే పెట్టె వద్దనుకున్నాం. నాయన ఫోటో కింద బటను పెట్టి, నొక్కితే ఆయన అన్న మాటే వినిపించేటట్టు చేస్తాం, నొక్కేది అమ్మ ఇష్టం. క్యాసెట్లలో ఒకదాంట్లో నాయన అమ్మను పిలిచే పిలుపు ఉందని అక్క అంటోంది. ఆ క్యాసెట్టే సగంలో ఆగుతోంది, ఇంకొకదాని మీద తెల్లగా బూజు కనిపిస్తోంది. ఎట్లా తీయాలి?

గరగర_స్పీకరు (అనంతపురం)

బూజు పట్టినదాన్ని టేపురికార్డరులో పెట్టొద్దు. టేపును చదివే హెడ్డుకు అంటుకుని, మంచి క్యాసెట్లకూ అంటిస్తుంది. ప్లాస్టిక్ సంచిలో మూసి విడిగా పెట్టండి, చివరన చూద్దాం.

ఆగిపోతున్న దాంట్లో టేపు బిగుసుకుని ఉండొచ్చు. ముందు క్యాసెట్ పైన రెండు చివర్లలో ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలు ఉన్నాయేమో చూసి విరిచేయండి. అవి ఉంటే పొరపాటున రికార్డు బటను పడితే నాయన గొంతు మీద మీ గొంతు ఎక్కుతుంది. తర్వాత పెన్సిలుతో రెండు చుట్లు తిప్పి, తేలిగ్గా తిరిగితే మిషన్లో పెట్టి చివరిదాకా ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు చుట్టండి. తిరగకపోతే బలవంతం చేయొద్దు. క్యాసెట్టుకు స్క్రూలుంటే విప్పి, స్క్రూలున్న ఇంకో ఖాళీ క్యాసెట్టులోకి టేపు చక్రాలు మార్చండి. అతికించిన రకమైతే అంచును బ్లేడుతో జాగ్రత్తగా విడదీయాలి. టేపు వెనక చిన్న ఫెల్టు ముక్క ఊడిపోయి ఉంటే శబ్దం మొద్దుగా, ఊగుతూ వస్తుంది, వేరే క్యాసెట్టుది తీసి పెట్టొచ్చు. 90 నిమిషాల టేపు 60 నిమిషాలదానికన్నా పలచన, లాగితే సాగుతుంది.

మిషన్ రబ్బరు బెల్టు పాతదైతే మార్చించండి. వేగం తగ్గితే గొంతు బొంగురవుతుంది, అమ్మ గుర్తుపట్టదు. హెడ్డును, రబ్బరు రోలరును దూదితో ఐసోప్రొపైల్ ఆల్కహాలు పెట్టి తుడవండి. హెడ్డు పక్కన ఉండే చిన్న స్క్రూను ఇసుమంత అటూ ఇటూ తిప్పుతూ స, ష తేటగా వినిపించే చోట ఆపండి. హెడ్‌ఫోన్ సందులోంచి కంప్యూటరుకు లాగి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ఫైలుగా తీయండి. ఎక్కువలో ఎక్కువ శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. ఆ ఫైలును ముట్టుకోకుండా రెండు చోట్ల దాచి, గరగర తీసే పని నకలు మీద చేయండి. గరగర పూర్తిగా తీసేయాలని చూడొద్దు, దాంతో పాటు గొంతులో గరుకు కూడా పోతుంది.

పిలుపు ముక్కను కత్తిరించేటప్పుడు మాటకు సరిగ్గా ఆనించి కోయకండి. ముందు అర సెకను వదలండి, ఆయన ఊపిరి తీసుకునేది అక్కడే ఉంటుంది.